వంటింటి వాటర్ ఫిల్టర్: ఆర్వోనా, యూవీనా, క్యానా? మీ నీళ్లను బట్టి ఏది మేలు?

ఒకే వీధిలో ఒకరింటికి మంజీరా నది నల్లా నీళ్లు, పక్కింటికి బోరు నీళ్లు. రెండు వంటిళ్ల గోడలకీ అదే ఆర్వో (సన్నటి పొర గుండా నీళ్లను ఒత్తి ఉప్పుని ఆపే) మిషను వేలాడుతుంటుంది. బోరు ఇంటికి అది అవసరమే. మంజీరా ఇంటివాళ్లు మాత్రం దానివల్ల రోజూ రెండు బకెట్ల మంచినీళ్లు సింకులోకి వదిలేస్తున్నారు. ఏ ఫిల్టరూ అన్ని పనులూ చేయదు కాబట్టి, మిషన్లను పోల్చేముందు ఇంట్లోకి వచ్చే నీళ్ల సంగతి తేల్చుకోవాలి.

ముందు నీళ్లను కొలవండి

పెన్నంత ఉండే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు మూడు నాలుగు వందలకి దొరుకుతుంది. వంటింటి కుళాయి దగ్గరే కొలవండి. చాలా అపార్ట్‌మెంట్లలో మున్సిపల్ నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి కాబట్టి, నల్లా వచ్చిన రోజు ఒకసారి, రాని రోజు ఒకసారి చూడాలి. ఎండాకాలంలో బోరు అడుగంటేకొద్దీ అంకె పెరగొచ్చు. మే నెలలో మళ్లీ చూడండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా సరిపెట్టుకోవచ్చంటుంది.

మీటరుకి తెలిసింది ఒక్కటే: నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. క్రిముల గురించి దానికేమీ తెలియదు. లీటరుకి ఫ్లోరైడు 4 మిల్లీగ్రాములున్నా, నైట్రేటు 100 ఉన్నా మొత్తం 450 అని చూపించి ఊరుకుంటుంది. అందుకే బోరు నీళ్లు తాగేవాళ్లు ఒక్కసారైనా ల్యాబ్‌లో టీడీఎస్, కాఠిన్యం (సున్నం లాంటి లవణాలు), ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, బ్యాక్టీరియా పరీక్షలు చేయించాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ)లో చేస్తారు. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లున్నాయి. కాగితం చేతికొచ్చాక చూడాల్సినవి (అన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో): ఫ్లోరైడు 1 లోపు (తప్పకపోతే 1.5), నైట్రేటు 45 లోపు, కాఠిన్యం 200 లోపు (తప్పకపోతే 600). బ్యాక్టీరియా పరీక్షకి ల్యాబ్ ఇచ్చిన శుభ్రం చేసిన సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి, అదే రోజు ఇచ్చేయాలి. ఇంట్లో ఉన్న కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్తే ఆ ఫలితం సీసాదే అవుతుంది.

ఇంటికొచ్చి డెమో ఇచ్చేవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. రెండు గ్లాసులు పెట్టి, కరెంటు కడ్డీలు ముంచుతారు. మీ కుళాయి నీళ్లు గోధుమరంగులోకో ఆకుపచ్చలోకో తిరిగి తెట్టు కడతాయి. ఆర్వో నీళ్లు తేటగానే ఉంటాయి. ఆ తెట్టు మీ నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఆర్వో నీళ్లలో పెద్దగా పారదు, అంతే. ఆర్వో నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేయమనండి, అవీ అలాగే అవుతాయి.

ఏది దేన్ని ఆపుతుంది

| పద్ధతి | క్రిములు | ఉప్పు, ఫ్లోరైడు, నైట్రేటు | కరెంటు | వృథా |
|---|---|---|---|---|
| మరిగించడం | చస్తాయి | పోవు | వద్దు | లేదు |
| పింగాణీ క్యాండిల్ | బ్యాక్టీరియా చాలావరకు ఆగుతుంది, వైరస్ ఆగదు | పోవు | వద్దు | లేదు |
| యూఎఫ్ (బోలు దారాల వడపోత) | బ్యాక్టీరియా ఆగుతుంది, వైరస్‌కి భరోసా లేదు | పోవు | వద్దు | దాదాపు లేదు |
| యూవీ (అతినీలలోహిత దీపం) | చస్తాయి | పోవు | కావాలి | లేదు |
| ఆర్వో | ఆగుతాయి | చాలావరకు పోతాయి | కావాలి | లీటరుకి 2–3 లీటర్లు |

మున్సిపల్ నీళ్లు, టీడీఎస్ 500 లోపు: యూవీ, దానికి తోడు యూఎఫ్

కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు శుద్ధి చేసి క్లోరిన్ కలిపి పంపేవే. సమస్యల్లా మధ్యలో పైపు పగిలి మురుగు కలవడం, లేదా మన సంపూ ట్యాంకూ కడగకపోవడం. అంటే ఇక్కడ శత్రువు క్రిమి, ఉప్పు కాదు. దీనికి ఆర్వో పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వోని నిషేధించాలనీ, మిగతాచోట్ల పోసిన నీళ్లలో కనీసం 60 శాతం మంచినీళ్లుగా రాబట్టేలా చూడాలనీ కేంద్ర పర్యావరణ శాఖకి చెప్పింది.

యూఎఫ్ అంటే సన్నని బోలు దారాల కట్ట. మడ్డినీ బ్యాక్టీరియానీ పట్టేస్తుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్ 0.03 మైక్రాన్‌కి మించదు. యూఎఫ్ రంధ్రాలు 0.01 నుంచి 0.1 మైక్రాన్ దాకా ఉంటాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. యూవీ దీపం వైరస్‌నీ చంపుతుంది, కానీ నీళ్లు తేటగా ఉంటేనే. మడ్డి రేణువు చాటున దాగిన క్రిమికి వెలుగు తగలదు. అందుకే వరస ఇలా ఉండాలి: 5 మైక్రాన్ల స్పన్ ఫిల్టరు (మడ్డిని పట్టే దూది గొట్టం), కార్బన్ (బొగ్గు ఫిల్టరు), యూఎఫ్, చివర యూవీ.

యూవీలో జనం మోసపోయేది దీపం దగ్గర. అది నీలంగా వెలుగుతూనే ఉంటుంది, కానీ క్రిములను చంపే 254 నానోమీటర్ల కిరణాలు సుమారు 8 వేల గంటల తర్వాత పలచబడతాయి. రోజంతా వెలిగే మోడలైతే అది పదకొండు నెలలే. వెలుగుతోంది కదా అని వదిలేయకుండా ఏడాదికొకసారి మార్చేయాలి. దీపం చుట్టూ ఉండే క్వార్ట్జ్ గాజు గొట్టం మీద తెల్లటి పొర కట్టినా అదే నష్టం. సర్వీసప్పుడు దాన్ని తీయించి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లతో తుడిపించండి. ఇంకొకటి: కార్బన్ క్లోరిన్‌ని లాగేస్తుంది కాబట్టి, ఫిల్టరు నుంచి వచ్చిన నీళ్లకి రక్షణ ఏమీ ఉండదు. బిందెలో రెండు మూడు రోజులు నిల్వ పెట్టొద్దు.

పై అంతస్తు ఫ్లాటువాళ్లకి ఒక మాట. ట్యాంకు కుళాయికి మూడు నాలుగు మీటర్ల ఎత్తులోనే ఉంటే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 0.3–0.4 కేజీలే వస్తుంది. పంపులేని యూవీ మిషన్లు చాలావాటికి అది చాలదు, సన్నటి ధారే వస్తుంది. కొనేముందు మిషన్‌కి కావాల్సిన కనీస ఒత్తిడి ఎంతో చూడండి.

బోరు నీళ్లు: ఆర్వో, కానీ లెక్క తెలిసి

టీడీఎస్ 500 దాటి, నోటికి ఉప్పగా తగులుతుంటే, లేదా ల్యాబ్ కాగితంలో ఫ్లోరైడో నైట్రేటో హద్దు దాటితే ఆర్వో తప్ప ఇంట్లో సులువైన దారి లేదు. మరిగిస్తే ఇవి పోకపోగా, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడతాయి. ఆరు నెలల లోపు పసిపిల్లలకి డబ్బా పాలు కలిపే ఇళ్లలో నైట్రేటు సంగతి తప్పకుండా చూసుకోవాలి.

75 జీపీడీ (రోజుకి 75 గ్యాలన్ల) మెంబ్రేన్, అంటే ఆర్వోలో ఉప్పుని ఆపే పొర, ఇచ్చేది రోజుకి 284 లీటర్లు, గంటకి సుమారు 12 లీటర్లు. నిమిషానికి 200 మిల్లీలీటర్లు మంచినీళ్లు వస్తుంటే, 450 రకం ఫ్లో రెస్ట్రిక్టర్ (వృథా ధారని అదుపు చేసే ముక్క) గుండా 450 మిల్లీలీటర్లు బయటికి పోతాయి. అంటే పోసినదాంట్లో 30 శాతమే చేతికొస్తుంది. నలుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకీ రోజుకి 15 లీటర్లు కావాలంటే 35 లీటర్లు బయటికి పోతాయి. వాటిని గచ్చు తుడవడానికీ, బాత్రూముకీ పట్టుకోవచ్చు. మొక్కలకి మాత్రం ముందు మీటరు పెట్టి చూడండి. 1200 టీడీఎస్ నీళ్లు లోపలికి వెళ్తే బయటికొచ్చేవి 1600 పైమాటే, తులసి కొసలు మాడతాయి.

"మా మిషను 60 శాతం ఇస్తుంది" అనే ప్రకటనల దగ్గర కాస్త ఆగి చూడాలి. 60 శాతం లాగితే మిగిలిన నీళ్లలో లవణాలు రెండున్నర రెట్లు చిక్కబడతాయి. కాఠిన్యం 500 ఉన్న బోరు నీళ్లయితే మెంబ్రేన్ చివర అది 1250 అవుతుంది. సున్నం పేరుకుని మెంబ్రేన్ తొందరగా మూసుకుపోతుంది. అలాంటి నీళ్లకి ఎక్కువ రాబడి మిషను కావాలంటే ముందు యాంటీస్కేలెంట్ (సున్నం పేరుకోకుండా చూసే మందు) ఉండాలి, దాన్ని వేళకి మార్చాలి. కాఠిన్యం 200 లోపు ఉన్నచోట ఆ మిషను నిశ్చింతగా కొనొచ్చు.

టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. అది ఖనిజాలు కలపదు; శుద్ధికాని కుళాయి నీళ్లనే కొంచెం పక్కదారిన తెచ్చి ఆర్వో నీళ్లలో కలుపుతుంది. లెక్క చూడండి. కుళాయి నీళ్లు 600, మెంబ్రేన్ నుంచి 50. రుచి కోసం 200 చేయాలంటే 27 శాతం కుళాయి నీళ్లు కలపాలి. ఆ నీళ్లలో ఫ్లోరైడు 4 ఉంటే, మెంబ్రేన్ దాన్ని 0.4కి తగ్గించినా, కలిపాక గ్లాసులోకి వచ్చేది 1.37. అంటే మిషను కొని కూడా 1 దాటిన ఫ్లోరైడే తాగుతున్నట్టు. ఫ్లోరైడు, నైట్రేటు ఉన్న ఊళ్లలో ఆ మరని పూర్తిగా బిగించేయండి. లేనిచోట్ల తెరిచినా, కలిసే నీళ్లు యూఎఫ్, యూవీ దాటి వస్తున్నాయో లేదో అడగండి. ఇక రాగి, ఆల్కలైన్, మినరల్ క్యాట్రిడ్జ్‌ల పేరిట అదనంగా రెండు మూడు వేలు చెప్తే, ఆ డబ్బుతో ఒక మంచి మెంబ్రేన్ కొనుక్కోవడం నయం.

ఫ్లోరైడు ఊళ్లు

మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్లగొండ పేరే ఉంది. ఊరి ప్లాంటుకి పనికొస్తుంది గానీ ఇంట్లో రోజూ చేయడం కష్టం. ఈ ఊళ్లలో నా సలహా: తెలంగాణలో మిషన్ భగీరథ నల్లా సరిగ్గా వస్తుంటే, ఆ నదినీళ్లు పట్టి యూవీ చేసుకోండి, ఇంటి బోరుని ఆర్వో చేయడం కంటే అదే చవక. నల్లా రాని రోజుల కోసం బోరుకి ఆర్వో ఉంచుకోవచ్చు. ఒకటి మరవద్దు: తాగేది మంచినీళ్లే అయినా అన్నం, పప్పు బోరు నీళ్లతో వండితే ఫ్లోరైడు కడుపులోకి వెళ్తూనే ఉంటుంది.

కాలువ నీళ్లు, కరెంటు కోత, అద్దె ఇల్లు

గోదావరి డెల్టాలో కాలువ నీళ్లకి టీడీఎస్ తక్కువే. వానాకాలంలో ఎర్రమట్టితో వస్తాయి, అదే తంటా. పటికో చిల్లగింజో వేసి తేర్చి, పైనీళ్లు వంచి, తర్వాతే ఫిల్టరుకి పోయాలి. బురదనీళ్లు నేరుగా వదిలితే స్పన్ ఫిల్టరు నెల కూడా ఆగదు. అదే డెల్టాలో సముద్రం వైపు బోర్లు మాత్రం ఉప్పు కయ్యలు, వాటికి ఆర్వోనే.

కరెంటు నమ్మకం లేనిచోట, అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టనివ్వని చోట, పైన పోస్తే కింద దిగే గ్రావిటీ యూఎఫ్ డబ్బా మేలు. మంచి కంపెనీ రెండు క్యాండిళ్ల స్టీలు ఫిల్టరూ పనికొస్తుంది, వారానికోసారి క్యాండిల్‌ని మెత్తటి బ్రష్‌తో, సబ్బు లేకుండా తోమాలి. వెంట్రుకంత పగులు కనిపించినా పారేయండి. కామెర్లు తిరుగుతున్న రోజుల్లో వీటి నీళ్లనే మరిగించి తాగాలి.

మరిగించడం చవక అనుకుంటారు. లీటరుకి సుమారు 10 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. రోజుకి పది లీటర్లంటే నెలకి మూడు కిలోలు. తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు, పది నిమిషాలు మరిగించనక్కర్లేదు. గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడితే భయపడకండి, అది సున్నమే.

20 లీటర్ల క్యాన్ విషయంలో ముందు చూడాల్సింది: సీలు మీద ఐఎస్ 14543 (ప్యాకేజ్డ్ తాగునీటి ప్రమాణం) గుర్తు ఉందా లేదా. లేకపోతే అది పక్కవీధి ప్లాంటులో పట్టిన నీళ్లు కావచ్చు. ప్లాంటు మంచిదే కావచ్చు, క్యాన్ కడిగారో లేదో తెలియదు. ఎండలో పెట్టి అమ్మే క్యాన్లలో పాచి పడుతుంది. నెలకి పది క్యాన్లు దాటితే సొంత మిషనే లాభం.

ఖర్చు, సర్వీసు

సాధారణ ఆర్వో 8 వేల నుంచి 20 వేల దాకా. చేతి చమురు వదిలేది తర్వాతే. స్పన్ ఫిల్టరు వంద రూపాయల లోపే, మూడు నెలలకోసారి మీరే మార్చుకోవచ్చు: వాల్వు కట్టి, గిన్నె విప్పి, పాతది తీసి, ఓ-రింగు సరిగ్గా కూర్చోబెట్టి బిగించాలి. కారేది ఎప్పుడూ ఆ రింగు దగ్గరే. కార్బన్ ఏడాదికోసారి తప్పకుండా మార్చాలి. అది అయిపోతే క్లోరిన్ నేరుగా మెంబ్రేన్‌ని తినేస్తుంది. మెంబ్రేన్ రెండు మూడేళ్లు రావాలి. నిల్వ ట్యాంకుని మూడు నెలలకోసారి కడగకపోతే గోడలకి జిగురు పడుతుంది.

మిషను ఆగినా, కరెంటు పోయినా వృథా పైపు కారుతూనే ఉంటే సోలినాయిడ్ వాల్వు (మిషను ఆగగానే నీళ్లు మూసేది) పోయినట్టు. వృథా పైపులో చుక్క రాకపోతే రెస్ట్రిక్టర్ మూసుకుపోయింది. మంచినీళ్లు బాగానే వస్తున్నాయని సంతోషించొద్దు, మెంబ్రేన్ కొద్దిరోజుల్లో పోతుంది. పంపు గట్టిగా అరుస్తూ నీళ్లు రాకపోతే ముందు స్పన్ ఫిల్టరు చూడండి.

బిగించిన రోజే కంట్రోలర్ మూయించి, లోపలి అంకె, బయటి అంకె కొలిచి మిషను పక్కన రాసిపెట్టుకోండి. కొత్త మెంబ్రేన్ 90 శాతం పైగా తీయాలి: 1000 వెళ్తే 100 లోపు రావాలి. అది 200 దాటినప్పుడే మెంబ్రేన్ మార్చాలి, మెకానిక్ చెప్పినప్పుడల్లా కాదు. మార్చినప్పుడు బిల్లు మీద కంపెనీ పేరు, జీపీడీ రాయించుకుని, పాత మెంబ్రేన్‌ని మీ చేతికి ఇమ్మనండి. కత్తితో అడ్డంగా కోసి చెత్తలో వేస్తే అది ఇంకో ఇంట్లో కొత్తదిగా తేలదు.