బరంపురం మాక్ ఎలక్షన్ క్యాంపు: వెళ్లొచ్చు, కానీ...

డిగ్రీ పిల్లల చేత ఉత్తుత్తి ఎన్నికల ప్రచారం చేయించి, జనంతో ఎలా మాట్లాడాలో నేర్పిస్తారంటే ఫీజు కట్టి చేరాను. ఫొటోలు దిగి సర్టిఫికెట్ పట్టుకొచ్చే బాపతేమో అనుకున్నా గానీ, పని బాగానే చేయించారు.

లేని నియోజకవర్గం ఒకటి పుట్టించి, వార్డుల మ్యాపు, ఓటర్ల జాబితా చేతిలో పెట్టి, మమ్మల్ని పార్టీలుగా విడగొట్టారు. ప్రతి టీమ్‌లో అభ్యర్థి, ప్రెస్‌తో మాట్లాడేవాళ్లు, సోషల్ మీడియా చూసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు. లెక్కలు నా నెత్తిన పడ్డాయి. ఏడుపొచ్చింది, కానీ అసలు సరుకంతా అక్కడే ఉంది. ఒడిశాలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని, ఫలితం వచ్చాక 30 రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలని పేపర్లో చదవడం వేరు, టెంటు, మైకు, ఆటో, కార్యకర్తల టీ దాకా రేటు చార్టు చూసి రోజూ రిజిస్టర్‌లో ఎక్కించడం వేరు. మా అభ్యర్థి ఇంకో ఆటో తిప్పుదామంటే, "నీ కటౌట్‌కే సగం ఊడ్చుకుపోయింది, నడిచి తిరుగు" అన్నాను. తిరిగాడు పాపం.

పక్క టీమ్ కరపత్రం రంగురంగులుగా భలే ఉంది. ఎన్నికల అధికారి వేషంలో ఉన్న సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పడేశారు. ప్రింటు చేసినవాళ్ల పేరు, వేయించినవాళ్ల పేరు, అడ్రసులు లేవట. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం అవి ఉండి తీరాలి. పోలింగ్ ముగిసే వేళకి ముందు 48 గంటలు ప్రచారం బంద్ కదా, దాన్ని ఇక్కడ ఒక గంటకి కుదించారు, ఆ గంటలో స్టేటస్ పెట్టినవాళ్లకి నోటీసు కూడా ఇచ్చారు.

ఇంటింటి ప్రచారం కోసం ఊళ్లోని పెద్దవాళ్లనే ఓటర్లుగా తెచ్చి కూర్చోబెట్టడం మంచి ఆలోచన. మావాడు ఒడియాలో బట్టీ పట్టిన స్పీచ్ మొదలెట్టగానే ఒకావిడ, "ఏటి బాబూ, నీ పాటికి నువ్వు చెప్పుకుపోతావేటి, మా కాలవ సంగతి అడగవా?" అని తెలుగులో తగులుకున్నారు. నోట మాట లేదు వాడికి. ముందు వినాలి, తర్వాత మాట్లాడాలి అని క్లాసులో ఎన్ని స్లైడ్లు వేసినా ఎక్కనిది అక్కడ ఎక్కింది.

నాకు కోపం వచ్చింది కూడా అక్కడే. ఇచ్చిన మెటీరియల్ అంతా ఇంగ్లీషు, ఒడియా. తెలుగులో ఒక్క కాగితం లేదు. 1996లో పీవీ నరసింహారావు గారు నంద్యాలలోనూ ఇక్కడా గెలిచి ఈ సీటునే ఉంచుకున్నారు, అలాంటి ఊళ్లో తెలుగు ఓటరుతో మాట్లాడటానికి ఒక్క క్లాసు పెట్టలేదంటే ఏమనాలి! పైగా గెలుపు తేల్చింది ఆ పెద్దవాళ్ల ఓట్లు కాదు, స్టేజీ మీద స్పీచ్‌కి జడ్జీలు వేసిన మార్కులు. మరి వాళ్లని అంతసేపు కూర్చోబెట్టడం దేనికి? రీల్స్ మీద ఒక పూటంతా తినేశారు, అవి మనకి రానివా?

భోజనంలో డాల్మా బాగుంది, హాల్లో ఫ్యాన్లు బాగాలేవు. పెట్టిన డబ్బుకి నష్టం లేదు, అయిదుకి మూడున్నర ఇస్తా. చేరేవాళ్లు లెక్కల పని అడిగి మరీ తీసుకోండి, దానికి పోటీ కూడా ఉండదు.