టేప్ ఎకోనా, ల్యాప్‌టాప్ డిలేనా?

స్టేజీ మీద ఎలక్ట్రానిక్ సంగీతం వాయించేవాళ్లకి డిలే, అంటే వాయించిన ధ్వనిని కాస్త ఆగి ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించే ఎఫెక్ట్, ఒక వాద్యం లాంటిదే. 1974లో వచ్చిన రోలాండ్ ఆర్‌ఈ-201 స్పేస్ ఎకో అనే టేప్ డిలే యంత్రంలో చుట్టగా తిరిగే టేపు, స్వరాన్ని తిరిగి వినిపించే మూడు హెడ్లు ఉంటాయి. మోటారు వేగం మార్చే నాబ్ తిప్పితే ప్రతిధ్వనుల మధ్య ఎడం మారడమే కాదు, అప్పటికే టేపు మీద ఉన్న స్వరం శ్రుతి కూడా జారిపోతుంది. ప్రతిధ్వనులు ఎంతసేపు మళ్లీ మళ్లీ రావాలో తేల్చే ఇంటెన్సిటీ నాబ్ పెంచితే ధ్వని తనను తానే మింగుతూ హోరెత్తుతుంది. జమైకాలో లీ పెర్రీ లాంటి డబ్ (రెగే పాటల్ని ఎకోలతో కొత్తగా మలిచే శైలి) కళాకారులు ఆ హోరునే సంగీతం చేశారు. అది చేత్తో ఆడించాల్సిన పని, అందుకే నాకు ప్రాణం.

ల్యాప్‌టాప్‌లో వాడే సంగీత సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్‌లోని డిలే పాట టెంపోకి కట్టుబడి ఉంటుంది. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) ఒక్కో బీటు 500 మిల్లీసెకన్లు, డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీటు) అయితే 375. టెంపో మార్చినా లెక్క తప్పదు. సెట్టింగులు సేవ్ చేసుకోవచ్చు, ట్రాక్‌కో డిలే పెట్టుకోవచ్చు. టేపు యంత్రానికి ఇవేవీ చేతకావు. పైగా టేపు అరుగుతుంది, మార్చాలి.

సాఫ్ట్‌వేర్‌తో అసలు టెన్షన్ బఫర్ దగ్గర, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే ధ్వని ముక్క దగ్గర. మరీ తగ్గిస్తే చిటపటలు, పెంచితే మైకులో పాడేవాళ్లకి తమ గొంతు ఆలస్యంగా వినిపిస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకి 44,100 ధ్వని శాంపిళ్లు) దగ్గర 256 శాంపిళ్ల బఫర్ అంటే దాదాపు 6 మిల్లీసెకన్లు, అదీ ధ్వని లోపలికి వెళ్లడానికో బయటికి రావడానికో, ఒకవైపే.

డ్రమ్ మెషీన్‌తో బీటు తప్పకుండా నడిచే సెట్ అయితే ల్యాప్‌టాప్‌కే నా ఓటు. గొంతు, మెలోడికా (ఊదుతూ వాయించే చిన్న కీబోర్డు) లాంటివాటితో అప్పటికప్పుడు అల్లే సెట్‌కి మాత్రం టేపే. బరువైనా మోసుకెళ్లాల్సిందే.