కొలీగ్‌కి మనసులో మాట: మెసేజా, ఎదురుగానా?

మెసేజ్‌లో సుఖం అవతలివాళ్లకే ఎక్కువ. తీరిగ్గా ఆలోచించుకుని జవాబివ్వచ్చు, మొహంలో ఇబ్బంది కనపడదు. చెడగొట్టేది పంపేవాళ్లే. అర్ధరాత్రి మూడు పేరాలు, బ్లూ టిక్ పడగానే ‘ఏమైంది?’ అని ఇంకోటి! ఒక్కటే పంపండి: ‘శనివారం కాఫీకి వెళ్దామా? ఇష్టం లేకపోతే మొహమాటపడకుండా చెప్పండి.’ వాట్సాప్‌లోనే పంపండి. టీమ్స్ లాంటి ఆఫీసు చాట్, ఆఫీసు మెయిల్ కంపెనీ చేతిలో ఉండే రికార్డులు.

ఎదురుగా అడిగితే 2 నిమిషాల్లో తేలిపోతుంది. అయితే చోటు చూసుకోవాలి. లిఫ్టులోనో, క్యాబ్‌లోనో, తలుపేసిన మీటింగ్ రూమ్‌లోనో అడిగితే తప్పుకునే దారి ఉండదు. మొహమాటానికి ‘చూద్దాం లెండి’ అంటారు, మీరు దాన్ని అవుననుకుంటారు, గొడవ అక్కడే మొదలు. ఆఫీసు బయట టీ కొట్టు దగ్గరైతే గ్లాసు పెట్టేసి వెళ్లిపోవచ్చు.

రోజూ పక్క సీటే అయితే మెసేజే నయం. వేరే టీమ్, కాస్త చనువు ఉంటే ఎదురుగా. మీ కింద పనిచేసేవాళ్లయితే రెండూ వద్దు. వాళ్ల అప్రైజల్ మీ చేతిలో ఉంది.

కాదన్నారా? ‘సరే, అర్థమైంది’ అని ఆపేయండి. కారణం అడగద్దు, ఫ్రెండ్‌తో రాయబారం అసలే వద్దు. జవాబు రాకపోయినా కాదన్నట్టే. ఒక మహిళ వద్దన్నాక కూడా వెంటపడితే అది పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం కిందకి రావచ్చు: 10 మంది, అంతకుమించి ఉన్న ఆఫీసులో ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదుకు మామూలుగా 3 నెలల గడువు, చివరి ఘటన నుంచి లెక్క.