అమెరికా నుంచి తెచ్చిన ఫోను మన టవరుకు అందుతుందా? రకం వారీగా రివ్యూ

డల్లాస్ నుంచి వచ్చిన ఫోన్లో జియో సిమ్ వేస్తే వాట్సాప్ నడుస్తుంది, కాల్ మాత్రం వెళ్లదు. లేదంటే హైదరాబాద్‌లో బాగానే ఉన్న సిగ్నల్ ఊళ్లో నడింట్లోకి రాగానే ఒక్క గీతకు పడిపోతుంది. చాలామంది ఫోను చెడిపోయిందనుకుంటారు. ఫోను బాగానే ఉంటుంది, అది ఇక్కడి గాలికి తయారైంది కాదు, అంతే. అట్టపెట్టె మీద '5జీ' అని ఎంత పెద్దగా రాసి ఉన్నా ఈ సంగతి తెలియదు.

ముందు ఇక్కడ ఏముందో చూద్దాం. రాష్ట్రాలు రెండైనా టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇంకా ఒకే సర్కిల్, కాబట్టి ఆదిలాబాద్‌కైనా శ్రీకాకుళానికైనా బ్యాండ్ల (టవరూ ఫోనూ మాట్లాడుకునే తరంగాల వరసలు, ఒక్కోదానికి ఒక నంబరు) జాబితా ఒకటే. జియో 4జీ 3, 5, 40 బ్యాండ్లలో నడుస్తుంది. ఎయిర్‌టెల్ ప్రధానంగా 1, 3, 8, 40. బీఎస్ఎన్ఎల్ 4జీకి 28, 1 కావాలి. ఇవన్నీ ఉన్న ఫోన్లో వీఐకి వేరే వెతుకులాట అక్కర్లేదు. 5జీకి (దాని బ్యాండ్ల నంబరు ముందు 'ఎన్' ఉంటుంది) ఎన్78 అందరికీ ఉమ్మడి, జియోకు అదనంగా ఎన్28. ఇక్కడొక మెలిక ఉంది: 4జీ జాబితాలో 28 కనిపించినంత మాత్రాన 5జీలో ఎన్28 ఉన్నట్టు కాదు, రెండూ విడివిడిగా చూసుకోవాలి. 28, ఎన్28 రెండూ వాడే 700 మెగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది, గోడలు దాటుతుంది. ఎన్78 వేగం ఎక్కువ, కానీ మిద్దె ఇంటి లోపలి గదికి వచ్చేసరికి నీరసపడుతుంది.

అమెరికాలో 4జీకి ఎక్కువగా వాడేవి 2, 4, 5, 12, 13, 66, 71. మన జాబితాతో పెద్దగా కలిసేది 5 ఒక్కటే. ఇక రకాలు చూద్దాం.

ఐఫోన్ (14 నుంచి): బ్యాండ్ల విషయంలో బెంగ లేదు, పైవన్నీ ఉంటాయి. ఇబ్బందల్లా సిమ్‌తోనే. 2022లో వచ్చిన 14 మొదలు అమెరికా మోడళ్లకు సిమ్ ట్రే లేదు, ఫోన్లోనే ఇమిడి ఉండే ఈ-సిమ్ ఒక్కటే దిక్కు. జియోలో మార్చుకోవాలంటే పాత ఫోన్లో ఉన్న సిమ్ నుంచే 199కి మెసేజ్ పంపాలి, అందులో కొత్త ఫోను 32 అంకెల ఈఐడీ (ఈ-సిమ్ గుర్తింపు సంఖ్య), 15 అంకెల ఐఎమ్ఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య) రాయాలి. ఒక్క అంకె తప్పినా మళ్లీ మొదటికే. సిమ్ మారాక 24 గంటలు ఎస్ఎమ్ఎస్‌లు ఆగుతాయి, అంటే బ్యాంకు ఓటీపీలు రావు. పెన్షన్ డబ్బు తీసే రోజున ఈ పని పెట్టుకోవద్దు. ఇంకోటి, ఫోను కిందపడి పగిలితే సిమ్ ఊడదీసి బటన్ ఫోన్లో వేసుకునే వీలుండదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇవ్వడానికి ఇది మా మొదటి ఎంపిక కాదు.

గెలాక్సీ ఎస్, పిక్సెల్: పిక్సెల్ 7 తర్వాతివి, ఈమధ్య వచ్చిన గెలాక్సీ ఎస్‌లు బ్యాండ్ల పరంగా నిబ్బరంగా తీసుకోవచ్చు. పిక్సెల్ 10కి అమెరికాలో సిమ్ ట్రే లేదని మాత్రం గుర్తుంచుకోవాలి. గెలాక్సీలో మోడల్ నంబరు చివర 'యూ' ఉంటే అక్కడి నెట్‌వర్క్ కంపెనీ అమ్మినది, 'యూ1' ఉంటే నేరుగా అన్‌లాక్డ్‌గా, అంటే ఏ కంపెనీ సిమ్ అయినా పట్టేలా, అమ్మినది. రెండోదే తీసుకోండి. ఇక్కడి గెలాక్సీలో రెండు సిమ్‌లు పడితే, దాంట్లో ఒకటే పడుతుంది, రెండోది ఈ-సిమ్. మిల్లీమీటర్ వేవ్ (అతి పొట్టి తరంగాల 5జీ) యాంటెన్నా ఉందని ఎక్కువ డబ్బు పెట్టొద్దు, మన దగ్గర ఫోన్లకు దాంతో పని లేదు.

నెట్‌వర్క్ కంపెనీలు ప్రీపెయిడ్ మీద అమ్మే చవక ఫోన్లు: వద్దు. యాభై డాలర్లకు 5జీ ఫోను అంటే ఎవరికైనా మనసు లాగుతుంది. చాలావాటికి 40, 8 ఉండవు. 3 కూడా లేకపోతే జియో సిమ్ బ్యాండ్ 5ను పట్టుకుని వేలాడుతుంది. అది సన్నని దారి, సాయంత్రం ఊరంతా అందులోకే దిగేసరికి వీడియో గిర్రున తిరుగుతూనే ఉంటుంది. పైగా లాక్. ఆ కంపెనీ సేవను నెలల తరబడి వాడితే గానీ తీయరు.

గల్ఫ్ ఫోన్లు: కరీంనగర్, కోనసీమ వైపు ఎక్కువగా వచ్చేవి ఇవే. అక్కడి బ్యాండ్లు మనవాటికి చాలా దగ్గర, 5జీ కూడా ఎన్78. శాంసంగ్ అయితే పెట్టె మీద ప్రాంతీయ లాక్ స్టిక్కర్ ఉందేమో చూసి, ఉంటే అక్కడి సిమ్‌తో ఓసారి మాట్లాడాకే విమానం ఎక్కాలి.

బ్యాండ్లు కలిస్తే సగం పనే అయినట్టు, మిగతా సగం సాఫ్ట్‌వేర్‌ది. జియోకు 2జీ, 3జీ లేవు, కాల్ వెళ్లాలంటే 4జీ మీదే మాట పంపే వోల్టీ ఉండి తీరాలి. ఫోన్లోని సాఫ్ట్‌వేర్ జియోను గుర్తించకపోతే నెట్ వస్తుంది, కాల్ రాదు. మొదట్లో చెప్పిన డల్లాస్ ఫోను జబ్బు ఇదే. అదే ఫోన్లో ఎయిర్‌టెల్ వేస్తే కాల్ 2జీకి దిగి కలుస్తుంది, మాట్లాడినంతసేపూ నెట్ ఆగిపోతుంది. 5జీలోనూ ఇలాంటి తేడాయే. జియోది 4జీ ఊతం లేకుండా నడిచే స్టాండలోన్ (ఎస్ఏ) 5జీ కాబట్టి ఫోన్లో ఎస్ఏ తెరిచి ఉండాలి. ఎయిర్‌టెల్ 5జీ ఎక్కువగా 4జీ భుజం మీద నడుస్తుంది. బ్యాండ్ 3తో ఎన్78 జత కట్టే వీలు ఫోన్లో లేకపోతే, రెండూ విడిగా ఉన్నా 5జీ గుర్తు వెలగదు.

కొనేముందు సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి పూర్తి మోడల్ నంబరు తీసుకోండి. ఫోన్ల వివరాలిచ్చే జీఎస్ఎమ్ అరీనా వెబ్‌సైట్ పేజీలో ఒకే ఫోనుకు మూడు నాలుగు బ్యాండ్ జాబితాలుంటాయి. పై వరుస చూసి మురిసిపోకుండా మీ నంబరుకు ఎదురుగా ఉన్నదే చదవండి. ఐఫోన్లో జనరల్, అబౌట్, క్యారియర్ లాక్ దగ్గర 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉండాలి.

ఇక్కడికొచ్చాక ఆండ్రాయిడ్‌లో *#*#4636#*#* కొట్టి వోల్టీ ప్రొవిజన్ అయిందో లేదో, అంటే మీ సిమ్‌కు తెరుచుకుందో లేదో చూడండి. ఏ బ్యాండ్ మీద ఉందో ఆండ్రాయిడ్‌లో నెట్‌మాన్‌స్టర్ యాప్ చూపిస్తుంది (శాంసంగ్‌లో *#0011#, ఐఫోన్లో *3001#12345#* కొట్టి కూడా చూడొచ్చు). జియో సిమ్‌తో ఒకసారి డాబా మీద, ఒకసారి లోపలి గదిలో తలుపేసి కాల్ చేయండి. మాట్లాడుతుండగా పైన 4జీ గానీ 5జీ గానీ గుర్తు నిలబడే ఉండాలి.