‘అకిరా’ నచ్చినవాళ్లకు తర్వాత ఏం చూపించాలి: పదిహేనేళ్లుగా చూసి, చూపించి తెలుసుకున్నది

మొన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. "అన్నా, అకిరా చూశా. బుర్ర పాడైపోయింది. ఇలాంటివి ఇంకేమున్నాయి?" అన్నాడు. అకిరా అంటే జపాన్ వాళ్ల యానిమేషన్ సినిమా. ఈ ప్రశ్న నన్ను చాలామందే అడిగారు. ఒకప్పుడు టకటకా పది పేర్లు అప్పజెప్పేవాణ్ని. ఇప్పుడు ముందు ఒకటే అడుగుతాను: "అందులో నీకు పదే పదే గుర్తొస్తున్న సీను ఏది?"

ఊరికే అడగడం లేదు, దెబ్బ తిన్నాను. హాస్టల్లో ఉన్నప్పుడు నా రూమ్మేట్‌కి అకిరా పిచ్చిపిచ్చిగా నచ్చింది. అదే ఊపులో మర్నాడు రాత్రి ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ పెట్టాను. రెండూ జపాన్‌వే, రెండింట్లోనూ రాబోయే కాలపు మహానగరం, తుపాకులు, పేలుళ్లు. ఇంకేం కావాలనుకున్నా. నలభై నిమిషాలు తిరక్కముందే వాడు గురక. తప్పు సినిమాది కాదు, వాడిదీ కాదు. వాడు అకిరాలో చూసింది బైకుల్ని. నేను పెట్టింది ఆలోచనల్లో మునిగే సినిమా.

అకిరా సంగతే ముందు చెప్పుకుందాం. 1988లో వచ్చిన ఈ సినిమాకి లక్షా అరవై వేలకు పైగా బొమ్మల్ని సెల్స్ అనే పారదర్శక ప్లాస్టిక్ షీట్ల మీద చేత్తో గీసి రంగులేశారు. దర్శకుడు కత్సుహిరో ఒతోమో తన మాంగానే, అంటే తను గీసిన జపాన్ కామిక్స్ కథనే సినిమాగా తీశాడు. డైలాగులు ముందే రికార్డు చేసి, పెదాల కదలిక వాటికి తగ్గట్టు గీశారు. జపాన్ యానిమేషన్‌లో మామూలుగా అలా చేయరు, బొమ్మ అయ్యాకే గొంతు ఇస్తారు. కానీ నన్ను కట్టిపడేసేది బైకుల వెనక లైట్లు. మలుపు తిరిగాక కూడా ఆ ఎర్రటి గీత చీకట్లో అరక్షణం మిగిలిపోతుంది. ఎన్నిసార్లు చూశానో, ప్రతిసారీ అక్కడ వెనక్కి జరిపి మళ్లీ చూస్తాను. లోపం లేదా అంటే ఉంది. సినిమా తీసేనాటికి మాంగా పూర్తి కాలేదు, అది 1990లో ముగిసింది. రెండు వేల పేజీలు దాటిన కథని రెండు గంటల్లో కుక్కేసరికి చివరి అరగంటలో ఎవరు ఎటు పోతున్నారో మొదటిసారి అర్థం కాదు. రెండోసారి చూడండి, తేలిగ్గా ఉంటుంది.

ఆ బైకుల పిచ్చి ఉన్నవాళ్లకి నేనిచ్చే మందు ‘రెడ్‌లైన్’, 2009. తకేషి కొయికే దర్శకత్వం, మ్యాడ్‌హౌస్ స్టూడియో. దాదాపు లక్ష బొమ్మలు చేత్తో గీస్తూ ఏడేళ్లు కూర్చున్నారు. కథ అడగొద్దు, కార్ల రేసు, అంతే. కానీ హీరో బటన్ నొక్కి వేగం పెంచినప్పుడు కారు, వాడి మొహం, స్టీరింగు అన్నీ రబ్బరులా సాగిపోతాయి. మన కడుపులో ఏదో జారినట్టుంటుంది. ఇది మాత్రం ఫోన్లో చూడొద్దు. పెద్ద టీవీ, మంచి స్పీకర్లు, కిందింటివాళ్లు ఊళ్లో లేని రోజు.

మళ్లీ ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ దగ్గరికి వద్దాం. 1995, మమోరు ఒషీ దర్శకత్వం. నేను అన్నింటికంటే ఎక్కువసార్లు చూసింది ఇదే. ఎనభై నిమిషాలు దాటిన కాసేపటికే అయిపోతుంది. మొదట్లో మధ్యలో వచ్చే మూడు నిమిషాల నగర దృశ్యాన్ని ఫార్వర్డ్ చేసేవాణ్ని. మాటల్లేవు, వాన, కాలువలో పడవ, అద్దాల వెనక బొమ్మలు, సంగీత దర్శకుడు కెంజీ కవాయి కోరస్. వయసు ముప్పై దాటాక అదే సినిమాకి ప్రాణం అనిపిస్తోంది. హీరోయిన్ కుసనగి శరీరం మొత్తం యంత్రమే. పడవలో పోతూ తలెత్తి చూస్తే, ఒక ఆఫీసు కిటికీలో అచ్చం తన మొహమే ఉన్న ఇంకో మనిషి కూర్చుని ఉంటుంది. ఆ చూపు తర్వాత ఎవరూ ఏమీ మాట్లాడరు. ఎందుకు మాట్లాడాలి?

యాక్షన్ కావాలా, చివర్లో ట్యాంకుతో పోరాటం ఉంది. తూటాలు గోడ మీద చెక్కిన జీవవృక్షాన్ని (జీవుల పరిణామాన్ని చూపే చెట్టు బొమ్మని) కింద నుంచి పైకి తొలుచుకుంటూ పోయి, మనిషి అన్న పేరు దగ్గరికి రాగానే ఆగిపోతాయి. తర్వాత ఆమె ట్యాంకు మూత పీకబోతుంది. వీపు కండలు ఉబ్బుతాయి, మూత కదలదు, ఆమె చేతులే తెగిపోతాయి. గెలుపు సంగీతం లేదు, హీరోయిజం లేదు. (ఒక మాట: దీన్ని హాల్లో అమ్మానాన్నల ముందు పెట్టకండి. మొదటి అయిదు నిమిషాల్లోనే రిమోట్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.)

అకిరాని తెరకెక్కించిన ఒతోమోయే పర్యవేక్షించిన ‘మెమరీస్’, 1995లోనే వచ్చింది. మూడు కథలు. మూడూ చూడక్కర్లేదు, మొదటిది ‘మాగ్నెటిక్ రోజ్’ చాలు. అంతరిక్షంలో పాత ఇనుము ఏరుకునేవాళ్లకి ఆపద సంకేతం వినిపిస్తుంది. వెళ్లి చూస్తే ఒక ఒపేరా గాయని ఇల్లు. స్క్రిప్టు సతోషి కోన్ రాశాడు. ఆయనే 2006లో తీసిన ‘పాప్రికా’ కూడా గొప్పదే. ఫ్రిజ్‌లు, కప్పలు, బొమ్మలు బారులు తీరి ఊరేగే కల ఒక్కటి చాలు దాన్ని మర్చిపోకుండా ఉండడానికి. కానీ యాక్షన్ ఆశించి కూర్చుంటే కష్టం. ఒతోమోదే ‘స్టీమ్‌బాయ్’, 2004, నాకు ఎక్కలేదు. ఆవిరి యంత్రాలు అద్భుతంగా గీశారు, మనుషుల్ని మర్చిపోయారు. ‘కౌబాయ్ బీబాప్’ సినిమా, 2001, సీరియల్ చూడనివాళ్లకి కూడా హాయిగా నడుస్తుంది. కొత్తవాళ్లకి భయం లేకుండా ఇవ్వొచ్చు.

ఒక చేదు అనుభవం కూడా చెప్పాలి. వీటిలో ఒకటి డబ్బు పోసి డీవీడీ తెప్పించుకున్నాను. చూస్తే సబ్‌టైటిళ్లు జపాన్ మాటలవి కావు, ఇంగ్లీషు డబ్బింగ్‌వే తెచ్చి అతికించారు. తెర మీద మనిషి మౌనంగా ఉంటే కింద డైలాగు నడుస్తోంది! అప్పట్నుంచి కొనేముందు ఆ ఒక్క విషయం కనుక్కుంటాను. ఒక స్ట్రీమింగ్ యాప్‌లోనైతే సగం చూసి పడుకుని, మర్నాడు తెరిస్తే సినిమానే లేదు. 2025లో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకి వచ్చింది కాబట్టి ఏదో ఒకరోజు ఈ పాతవాటికీ ఆ యోగం పడుతుందని ఆశ. నేను మాత్రం అన్నీ సబ్‌టైటిళ్లతోనే చూశాను.

ఇంతకీ మా తమ్ముడు ఏ సీను చెప్పాడంటే, బైకు కాదు, అకిరాలో టెత్సువో అనే కుర్రాడిది. "టెత్సువో చెయ్యి అన్నా. ఉబ్బిపోయి వాడి మాట వినకుండా పోతుంది చూడు, అది." వెంటనే ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ అని చెప్పాను. రూమ్మేట్‌ని నిద్రపుచ్చిన సినిమానే. రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. ఆమె చేతులు తెగిపోయిన సీను గురించి పావుగంట మాట్లాడాడు. ఒషీ తీసినవే ఇంకేమున్నాయని అడిగాడు.

‘ప్యాట్‌లేబర్ 2’ ఉంది, 1993. పేరుకి రోబోల సినిమా, రోబోలు కనబడేది తక్కువ. టోక్యో మీదికి యుద్ధ విమానాలు వస్తున్నాయని రాడార్‌లో చుక్కలు దగ్గరవుతుంటాయి, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు, తీరా ఆకాశంలో ఏమీ ఉండదు. నాకు తెలిసిన గొప్ప టెన్షన్ సీన్లలో అదొకటి, ఒక్క తూటా పేలదు. మిగతాదంతా అధికారులు గదుల్లో కూర్చుని ఒకరి మీదికి ఒకరు నెట్టుకోవడమే.

"అది మాత్రం ఇప్పుడొద్దురా" అన్నాను. "ఉద్యోగంలో చేరి, రెండేళ్లు మీటింగుల్లో కూర్చున్నాక చూడు."