ఓ-రింగ్ సేఫ్ అని అంటించిన ఆ చైన్ క్లీనర్ కొనకండి, స్టిక్కర్ కింద ఇంకో పేరుంది

కొనకండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది రాస్తాను.

ఎర్ర మూత డబ్బాలు రెండు, ఒకటి బైక్ చైన్ కడిగే క్లీనర్, ఒకటి చైన్‌కు పెట్టే నూనె, అంటే ల్యూబ్, వాటితో ఒక బ్రష్షు, ఒక గుడ్డ. నాలుగూ కలిపి కిట్టు అని అమ్ముతున్నారు చూడండి, అదే. పేరు రాయను. ఆన్‌లైన్‌లో చైన్ అని వెతికితే అన్నిటికంటే పైన వచ్చి కూర్చునేది అదే కాబట్టి మీకూ తెలిసే ఉంటుంది. రెండుసార్లు వాడాను, నా బండి 520 సైజు ఎక్స్-రింగ్ చైన్ (లింకుల్లో రబ్బరు రింగులుండే రకం) పోయింది. అరిగి పోలేదు, ఎండి పోయింది. ఆ రెండింటికీ తేడా కింద రాస్తాను, ముందు ఆ స్టిక్కర్ సంగతి చూడండి.

రెండోసారి కొడుతుంటే నాజిల్ దగ్గర కారి క్లీనర్ డబ్బా పక్కనుంచి జారింది. జారిన చోట లేబుల్ మూల మెత్తబడి పైకి లేచింది. గోటితో లాగితే అరటితొక్కలా ఊడొచ్చేసింది. కింద రేకు మీదే అచ్చేసి ఉంది అసలు పేరు: బ్రేక్ అండ్ పార్ట్స్ క్లీనర్. దాని కింద చిన్న అక్షరాల్లో ఎసిటోన్, టోలీన్ అనే ఘాటు ద్రావకాల పేర్లు. ఆ కిందే, రబ్బరు మీద, ప్లాస్టిక్ మీద, పెయింటు మీద వాడకూడదు అని హెచ్చరిక. పైన అంటించిన స్టిక్కర్ మీదేమో పెద్దక్షరాల్లో "ఓ-రింగ్ సేఫ్", పక్కన ఆకుపచ్చ టిక్కు. వాళ్ళ మందే వాళ్ళ జిగురును కరిగించి గుట్టు బయటపెట్టింది. ఆ డబ్బాలో నిజాయితీ ఉన్నది ఆ ఒక్క ద్రవానికే.

బ్రేక్ క్లీనర్ చెడ్డదని కాదు. బ్రేక్ డిస్క్ మీద, ఇనుము మీద దాన్ని మించింది లేదు. చైన్ మీద ఎందుకు విషమంటే, చైన్‌లో అసలు ప్రాణం కంటికి కనబడని చోట ఉంటుంది. లోపలి ప్లేటుకీ బయటి ప్లేటుకీ మధ్య సన్నటి రబ్బరు రింగులుంటాయి, ఓ-రింగ్, ఎక్స్-రింగ్ అనేది వీటినే. పిన్నుకూ దాని చుట్టూ గొట్టంలా ఉండే బుష్‌కూ మధ్య ఫ్యాక్టరీలో ఎక్కించిన గ్రీజు బయటికి రాకుండా, బయటి నీళ్ళూ మట్టీ లోపలికి పోకుండా కాసేది అవే. 110 లింకుల చైన్‌లో 110 పిన్నులు, పిన్నుకు రెండు చొప్పున 220 రింగులు. మనం పైన కొట్టే ల్యూబ్ ఆ గ్రీజుకు బదులు కాదు. అది బుష్ మీద తిరిగే రోలరుకూ, చైన్ తిరిగే పళ్ళ చక్రం అంటే స్ప్రాకెట్ పళ్ళకూ మధ్య రాపిడి తగ్గించడానికి, తుప్పు పట్టకుండా ఉండటానికి, రింగులు ఎండి బీటలు వారకుండా ఉండటానికి. లోపలి గ్రీజు ఒకసారి పోయిందంటే ఏ స్ప్రే కొట్టినా తిరిగి ఎక్కదు.

రింగులు ఎక్కువగా నైట్రైల్ రబ్బరు. నైట్రైల్‌కు కిరోసిన్ అంటే పెద్దగా లెక్కలేదు, ఇంజిన్ ఆయిలూ గేర్ ఆయిలూ అంటే అసలే లేదు. ఎసిటోన్, టోలీన్, థిన్నర్, కార్బొరేటర్ క్లీనర్ తగిలితే మాత్రం నీళ్ళలో వేసిన శనగలా ఉబ్బుతుంది. ఉబ్బిన రింగు రెండు ప్లేట్ల మధ్య నలిగి అంచులు తెగుతుంది. ఆ ద్రవం ఆవిరయ్యాక మళ్ళీ కుంచించుకుపోతుంది గానీ అప్పటికి గట్టిపడి బిగువు పోతుంది. ఆ సందులోంచే మిగతా క్లీనర్ లోపలికి దూరి గ్రీజును కడిగేస్తుంది. పెట్రోలుతో కడగొద్దని పెద్దవాళ్ళు మొత్తుకునేది కూడా ఇందుకే. నిప్పు ప్రమాదం ఎలాగూ ఉంది.

ఇప్పుడు నా అసలు కడుపుమంట. కస్టమర్ కేర్ చాట్‌లో ఫోటోలు పెట్టాను: స్టిక్కర్, స్టిక్కర్ కింద అచ్చు, చైన్. మొదటి జవాబు, "సార్, చైన్ అరిగే వస్తువు, దానికి మా బాధ్యత ఉండదు." సరే, ఊహించిందే. రెండోది, "మీరు క్లీనర్‌ను ఎక్కువసేపు ఉంచి ఉంటారు." వాళ్ళ స్టిక్కర్ మీదే పది నిమిషాలు నాననివ్వండి అని ఉంది, గడియారం చూసి పది నిమిషాలే ఉంచాను. ఆ లైను చుట్టూ గీత గీసి మళ్ళీ పంపాను. మూడో జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది, అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "లేబుల్ తొలగించబడినందున ఈ వస్తువుకు రిటర్న్ వర్తించదు."

ఇంకోసారి చదవండి. వాళ్ళ అబద్ధాన్ని నేను ఊడదీశాను కాబట్టి నాకు డబ్బు వెనక్కి రాదట. స్టిక్కర్ అలాగే ఉంచి మోసపోయినట్టు తెలియకుండా ఉంటే రిటర్న్ వచ్చేదేమో! దాని కింద "మా సేవ మీకు నచ్చిందా" అంటూ ఐదు నక్షత్రాలు. నొక్కాను, ఒక్కటి. సున్నా పెట్టే వీలు లేదు.

తిట్టుకోవాల్సింది నన్ను కూడా. కిట్టులో పెట్టిన బ్రష్షు ఉక్కు తీగల బ్రష్షు. ఓ-రింగ్ చైన్‌కు తీగ బ్రష్షు వాడకూడదని కాస్తో కూస్తో తెలిసిన వాడెవడైనా చెబుతాడు, తీగ మొన రింగు అంచును కోసేస్తుంది. చైన్ సంగతి తెలిసినవాడు తీగ బ్రష్షునూ ఓ-రింగ్ సేఫ్ అనే క్లీనర్‌నూ ఒకే పెట్టెలో పెట్టడు. నేను ఆ బ్రష్షు పక్కన పడేసి నా నైలాన్ బ్రష్షు తీసుకున్నాను గానీ, ఇలాంటి బ్రష్షు పెట్టినవాడి డబ్బాలో ఏముంటుందని మాత్రం ఆలోచించలేదు. కొట్టగానే లింకులు చల్లబడ్డాయి, నిమిషం తిరక్కుండా ఆరిపోయాయి. కిరోసిన్ రకం క్లీనర్ అంత తొందరగా ఆరదు, జిడ్డుగా తడితడిగా ఉంటుంది. నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన ముక్కు పట్టేసింది. ఇన్ని గుర్తులు చెబుతున్నా వినకుండా "అబ్బ, ఎంత తెల్లగా వచ్చిందో" అని మురిసిపోయాను. తెల్లగా రాక ఏం చేస్తుంది, గ్రీజుతో సహా ఊడ్చేస్తే!

మీరు ఇప్పటికే వాడి ఉంటే చైన్‌ను ఇలా చూడండి. బండిని స్టాండు మీద ఎత్తి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పుతూ కింది వరస గమనించండి. స్ప్రాకెట్ మీదనుంచి దిగాక లింకు తిన్నగా సాగాలి. వంగిన చోట వంగినట్టే మోకాలిలా నిలిచిపోతే ఆ పిన్ను లోపల గ్రీజు లేదని లెక్క. ప్లేట్ల సందులో టార్చి వేసి చూస్తే నల్లటి రబ్బరు పోగులు వేలాడుతుంటాయి, కొన్నిచోట్ల రింగే ఉండదు. అన్నిటికంటే ఖాయమైన గుర్తు ఎర్ర పొడి. ప్లేట్ల మధ్య నుంచి ఇటుక పొడిలా మెత్తగా రాలుతుంది. గుడ్డకు అంటితే పైపై తుప్పేలే అని తుడిచేస్తాం. అది లోపల పిన్నూ బుష్షూ పొడిపొడిగా రాసుకుని అరిగిన ఇనుము.

టేపుతో కూడా తేలుతుంది. 520, 525, 530 ఏదైనా మొదటి అంకె 5 అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య 15.875 మిల్లీమీటర్లు. వరసగా 21 పిన్నులు లెక్కపెట్టి, చైన్‌ను బిగువుగా లాగి, మొదటి పిన్ను మధ్య నుంచి చివరి పిన్ను మధ్యకు కొలిస్తే కొత్త చైన్‌కు 317.5 రావాలి. 428 చైన్‌కు పిచ్, అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం, 12.7, అదే 21 పిన్నులకు 254. ఒక్క చోట కొలిచి ఊరుకోకండి, మూడు నాలుగు చోట్ల కొలవండి. మామూలుగా అరిగిన చైన్ అంతటా దాదాపు ఒకేలా సాగుతుంది. నాదాంట్లో ఒకచోట 318, రెండడుగులు జరిగితే 321. అంటే రింగులు ఎక్కడ పోయాయో అక్కడే సాగింది.

ఇలా ఎగుడుదిగుడుగా సాగితే వచ్చే చిక్కు చైన్ లూజు దగ్గర తెలుస్తుంది. చక్రం ఒకచోట ఉన్నప్పుడు చైన్ పైకీ కిందికీ 45 మిల్లీమీటర్లు ఊగుతుంది, పావు చుట్టు తిప్పితే 25. లూజుగా ఉన్నచోట చూసి బిగించామంటే బిగువుగా ఉన్నచోట తీగలా లాగేస్తుంది. వెనక సస్పెన్షన్ అణిగి ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) ఊగే పివట్, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్‌కు దూరం అన్నిటికంటే ఎక్కువ. అప్పుడు లూజు లేకపోతే ఆ బరువంతా గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీదే పడుతుంది. చైన్ పోతే చైనే. ఆ బేరింగ్ పోతే ఇంజిన్ విప్పాలి. కాబట్టి ఎప్పుడూ అన్నిటికంటే బిగువుగా ఉన్నచోటే కొలిచి, స్వింగ్ ఆర్మ్ మీద అంటించి ఉన్న అంకె ప్రకారం పెట్టండి. బండిని బట్టి అది మారుతుంది, పక్కవాడి బండి అంకె మీకు పనికిరాదు.

కిట్టులో ల్యూబ్ గురించి ఎక్కువ రాయను. నీళ్ళలా పల్చగా ఉంది, "కొట్టిన వెంటనే బయల్దేరండి" అని రాశారు. మంచి ల్యూబ్ అయినా వెంటనే బయల్దేరకూడదు. లోపలికి పాకడానికి దాన్ని పల్చగా చేసిన ద్రవం ఆరాలి, కనీసం అరగంట. రాత్రి కొట్టి పొద్దున తీస్తే మరీ మంచిది. వీళ్ళది ఆరినా ఆరకపోయినా ఒకటే, రిమ్ము మీదా టైరు పక్కల మీదా చుక్కలు. టైరు మీద పడ్డ నూనె మలుపులో ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

సరే, ఏం చేయాలంటే. రింగులు పోయిన చైన్‌కు మందు లేదు, మార్చాల్సిందే, మారిస్తే రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చండి. వంకర తిరిగిన పాత పళ్ళు కొత్త చైన్‌ను తొందరగా తినేస్తాయి. అంతవరకూ దూరాలు పోకుండా, 90 నంబరు చిక్కటి గేర్ ఆయిల్ తరచుగా పెడుతూ, లూజు చూసుకుంటూ నెట్టుకురండి. లింకులు మోకాలిలా నిలిచిపోతుంటే అదీ వద్దు.

కడగడానికి కిరోసిన్ చాలు, 150 మిల్లీలీటర్లు మించి అక్కర్లేదు. మెత్తటి నైలాన్ బ్రష్షు ముంచి నాలుగు పక్కలా రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి, అందులో నానబెట్టకండి. ప్రెషర్ వాషర్ గొట్టం చైన్ దగ్గరికి రానివ్వకండి. ల్యూబ్ కింది వరస లోపలి వైపున, ప్లేట్లు కలిసే రెండు గీతల మీద సన్నగా పెట్టి చక్రం మూడు చుట్లు తిప్పండి. తిరిగేటప్పుడు విసురుకు అదే బయటికి పాకుతుంది. ఆరాక పైన మిగిలింది తుడిచేయండి, పైన కనబడేదంతా మట్టి పట్టుకోవడానికే. ఇంజిన్ ఆన్ చేసి గేర్‌లో వేసి మాత్రం ఎప్పుడూ చేయకండి. గుడ్డతో పాటు వేళ్ళను కూడా స్ప్రాకెట్ లాక్కుంటుంది.

ఏ కొత్త క్లీనర్ కొన్నా చైన్ మీద కొట్టేముందు ఒక పరీక్ష. కొత్త చైన్‌తో వచ్చే, రెండు కొసలనూ కలిపే జాయింట్ లింకుకు విడిగా నాలుగు రింగులు ఇస్తారు. అలాంటి విడి లింకు ఒకటి కొనుక్కుని ఒక రింగు మూతలో పోసిన క్లీనర్‌లో, ఒకటి కిరోసిన్‌లో రాత్రంతా ఉంచండి, ఆరిపోకుండా పైన మూత పెట్టండి. పొద్దున దేంట్లోనూ ముంచని మూడోదాని పక్కన పెట్టి చూడండి. నేను ఈ పని చైన్ పోయాక చేశాను. కిరోసిన్‌ది ఉన్నట్టే ఉంది, వీళ్ళ క్లీనర్‌లోది పక్కదాన్ని మింగేసినంత లావైంది.

పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. డబ్బా సీలు తీయకముందే లేబుల్ అంచు గోటితో తడిమి చూడండి, కింద ఇంకో పొర తగిలితే అక్కడే ఆపేసి వీడియోతో సహా వెనక్కి పంపండి. స్టిక్కర్ మాత్రం పీకకండి, ఎందుకో పైన చదివారుగా.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అని ఇంకో క్లీనర్ డబ్బా కూడా ఇచ్చారు, సీలు తీయలేదు. ఎవరైనా బ్రేక్ డిస్క్ తుడుచుకోవడానికి అడిగితే ఊరికే ఇచ్చేస్తాను. దాని స్టిక్కర్ ఊడదీసే ఇస్తాను.