కాయిర్ మ్యాట్: మూడు వానకాలాలు వాడాక నా మాట

హన్మకొండ పక్కన గుట్ట వాలులో లేఅవుట్ పని మాది. పైన చదును చేసేసరికి 12 అడుగుల మట్టి వాలు మిగిలింది, అంతా ఎర్రచెలక, దిగువన చెరువు. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువు అది, మా సైట్ మట్టితో మళ్లీ పూడితే ఆ రైతుల ముఖం ఎలా చూడాలి? అందుకే 2023 జూన్‌లో వాలంతా కొబ్బరిపీచు మ్యాట్ పరిపించాను, చదరపు మీటరుకు 700 గ్రాముల రకం.

మొదటి ఏడాది దెబ్బతిన్నాం. తప్పు మ్యాట్‌ది కాదు, మాదే. పై అంచుకు మేకులు కొట్టి వదిలేశాం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు పడింది చూడండి, ఆ జూలై వానలకే (మా దగ్గర అంత లేదు) నీళ్లు అంచు కిందినుంచి దూరాయి. పైకి మ్యాట్ చక్కగానే ఉంది, ఎత్తి చూస్తే కింద మోచేతి లోతు ఒర్రె!

తర్వాత పైన అడుగు లోతు కాలువ తవ్వి, అంచు అందులోకి దించి, మట్టి పోసి దిమ్మిస కొట్టించాను. గడ్డలు, రాళ్లు ఏరేసి మ్యాట్ నేలకు అతుక్కునేలా పరవాలి, బిగించి లాగితే కింద ఖాళీ ఉండిపోతుంది, నీళ్లకు అదే దారి. పెంకులు కప్పినట్టు పై ముక్క కింది ముక్క మీదికి రావాలి. మేకులకు 8 ఎంఎం రాడ్ ముక్కలు వంచి వాడాం.

అసలు మట్టిని పట్టేది గడ్డి, మ్యాట్ దానికి టైమ్ ఇస్తుంది అంతే. గరిక, వట్టివేరు పిలకలు పెట్టిన చోట 2024 వానలకు ఒక్క ఒర్రె పడలేదు. ఇప్పుడు అక్కడ పీచు చేత్తో నలిపితే పొడైపోతోంది, అయినా వేర్లు పట్టేశాయి కాబట్టి టెన్షన్ లేదు.

కింద మట్టి ఆపడానికి ముందు గ్రీన్ నెట్ కట్టాం, దండగ. అసలైన సిల్ట్ ఫెన్స్ (నీళ్లను వడకట్టి మట్టిని ఆపే బట్ట కంచె) బట్ట అడుగు అంచును అరడుగు భూమిలో పాతితేనే నిలబడింది. చేరిన మట్టిని కంచె సగం ఎత్తుకు రాకముందే తీయించాలి, ఒకసారి ఆలస్యం చేస్తే కర్రలతో సహా ఒరిగిపోయింది. సన్న బంకమట్టి మాత్రం దాంట్లోంచి వెళ్లిపోతుంది, మోరీలో నీళ్లు ఎర్రగానే పారాయి. గుంత తవ్వి నీళ్లు నిలబెట్టాకే రంగు తేరింది.

ఉత్తరం మూలన నీళ్లు పెట్టక గడ్డి ఎండిపోయింది, మ్యాట్ కూడా చివికింది. అక్కడికి మళ్లీ కొత్త ముక్క తెప్పిస్తున్నా, ఈసారి డ్రిప్ పైపుతో సహా.